చెయ్యి కడుక్కునే వేళ

డాక్టర్ పాణిగ్రాహి చీటీ మీద ఏమీ రాయలేదు.
"దొహి బొందొ" అన్నాడు, అంతే.
నాకు బొంద అనే వినిపించింది.
పాలు, పెరుగు, చల్ల, వెన్న...
ఒక్కో వేలూ మడిచి మరీ చూపించాడు,
బొటనవేలు మాత్రం నాకు మిగిల్చి.

ముప్పయ్యొక్క ఏళ్ళు
పర్లాకిమిడి పాలకేంద్రంలో కూర్చున్నవాణ్ణి.
ఎవరి బిందెలో ఎన్ని నీళ్ళున్నాయో
ముఖం చూసి చెప్పేవాణ్ణి,
ఆ తర్వాతే లాక్టోమీటరు ముంచేవాణ్ణి.
ఇప్పుడు నా కడుపే కేంద్రం మూసేసింది.

మొదటి వారం
పప్పు తిన్నాను, పులుసు తిన్నాను,
లేవడం ఎలాగో తెలీలేదు.
ఎండిపోతున్న వేళ్ళతో
కంచం ముందు అలాగే కూర్చున్నాను,
చెయ్యెప్పుడు కడుక్కోవాలో
ఎవరైనా చెబుతారేమోనని.

"బరంపురంలో దొరుకుతాదట, పాల్లేని పెరుగు"
అని దమయంతి మేనల్లుడితో తెప్పించింది.
అరచేతంత కప్పు, నూట పది రూపాయలు.
మూత తీస్తే వెనిల్లా వాసన.
ఆవకాయ ముక్క దాన్ని చూసి
కంచం అంచుకి జరిగింది.

తర్వాత సోయా. నానబెట్టి, రుబ్బి, వడగడితే
ఇల్లంతా పచ్చి చిక్కుడు పాదు.
తర్వాత కొబ్బరి. తెల్లారేసరికి
పైన నూనె, కింద నీళ్ళు,
మధ్యలో నేను.
తర్వాత వేరుశెనగలు. గుడ్డలో పిండిన పాలు
గచ్చు కడిగిన నీళ్ళలా ఉన్నాయి.
అలవాటుకొద్దీ పాత లాక్టోమీటరు ముంచాను.
అది ఒకసారి మునిగి, ఒకసారి లేచి,
తెలీని ఊళ్ళో బస్సు దిగినవాడిలా
అటూ ఇటూ చూసింది.

తోడు కావాలి కదా దేనికైనా.
పెరుగు వెయ్యకుండా పెరుగెలా తోడుకుంటుంది?
మిరపకాయ తొడిమలు ఏడు వేశాను,
మా అమ్మ చెప్పిన లెక్క.
ఘాటొచ్చింది గాని గట్టిపడలేదు.

పక్కింటి మంజులత గోడ మీంచి
అన్నీ చూస్తూనే ఉంది.
ఓ సాయంత్రం వాళ్ళ గుమ్మంలో నిలబడి
వానల గురించి మాట్లాడుతున్నాను,
చల్లకొచ్చి ముంత దాచినట్టు
గిన్నె వీపు వెనక పెట్టుకుని.
ఆమె నవ్వి, నిన్నటి పొఖాళొ కుండలోంచి
గరిటెడు నీళ్ళు వంచింది.
"తొరాణి" అంది.

తరవాణి!
మా నాన్నమ్మ వంటింటి మూల కుండ.
చిన్నప్పుడు పాతపట్నంలో వదిలేసొచ్చిన మాట
మహేంద్రతనయ దాటి, లిపి మార్చుకుని,
ఇన్నాళ్ళూ గోడకవతలే
కాపురం ఉంటోంది.

ఆ రాత్రి గోరువెచ్చటి పాలలో అది కలిపి,
గిన్నెకి నా మఫ్లరు చుట్టి,
బియ్యం డబ్బా పక్కన పెట్టాను.
రెండింటికి లేచి చూశాను.
నాలుగింటికి లేచి చూశాను.
"కదపకండి, దానికి నిద్ర పట్టొద్దా"
అంది దమయంతి, తనూ పడుకోకుండా.

పొద్దున్న గిన్నె వంచితే
జారలేదు.
కాస్త వణికింది.

గొప్ప పెరుగని అనను.
తెలుపు తక్కువ, పులుపెక్కువ,
మింగాక వేరుశెనగ ఒకసారి తలెత్తుతుంది.
రోజూ వచ్చే పిల్లి గిన్నె వాసన చూసి,
నా ముఖం చూసి,
మంజులత వాళ్ళ గోడెక్కేసింది.
కేంద్రంలో అయితే
ఈ బిందెని తిప్పి పంపేవాణ్ణి.

ఉప్పేసి కలిపాను.
చివరి ముద్ద తిని
కంచం అడుగు వేలితో గీసి
ఎవర్నీ అడక్కుండా లేచాను.
నూతి దగ్గర చెంబు
చల్లగా ఉంది.