ఖైరూన్‌బీ చొక్కా

మిట్టమధ్యాన్నం నీళ్లు పోస్తావుంటే
పిట్టగోడ అవతల్నుంచి ఖైరూన్‌బీ అరిచింది:
"చెట్టును ఉడకబెడతావా ఏందిమ్మా!"

మోచంపేటలో మా మిద్దె
కాలిన పెనం.
పెయింటు బకెట్లో టమోటా మొక్క
మెడ వాల్చేసింది.

"బకెట్ కింద ఇటికెలు పెట్టు.
తెల్లారకముందే పొయ్యి,
బియ్యం కడిగిన నీళ్లయినా సరే.
ముందు మట్టిలో వేలు పెట్టి చూడు,
తడి తగిలితే ఊరకుండు.
ఉక్కపోత నీది,
దప్పి దానిదనుకోవద్దు."

సాయంత్రం గోడ దాటొచ్చింది
వాళ్లాయన ఖాకీ చొక్కా,
ఆటో సీటుకు రాసుకొని వీపంతా వెలిసిపోయి.
నాలుగు కట్టెలు గుచ్చి పందిరేశాను.

"గుండీలు మాత్రం తెంపొద్దు" అంది.
ఎందుకని అడగలేదు.

నిన్న పొద్దున చూస్తే
జేబు నీడ పడేచోట
రాలకుండా నిలిచింది
ఒక్క పూత.