తడ అవతల ముప్పై అంకణాలు

ఏజెంటు మునిశేఖర్ కాగితంలో కొబ్బరిచెట్లున్నాయి.
ఇక్కడ సర్కారు తుమ్మ, సున్నం పూసిన నాలుగు రాళ్లు,
ఒక రాయి మీద కొంగ.

బోరు వేస్తే ఉప్పునీళ్లు.
"రొయ్యలకి బాగుంటాయిలే సార్" అంది వళ్లియమ్మ
సగం తెలుగులో, సగం అరవంలో.
అడక్కుండానే నా స్థలంలో చాప పరిచి
రొయ్యపొట్టు ఆరబోసింది.

వరండాలో ఉంటే నా ఫోను ఆంధ్రా.
పెరట్లో అంట్లు తోముకుంటుంటే
తమిళనాడుకు స్వాగతమంటుంది.

రాకెట్టు లేచిన రాత్రి కిటికీలు దడదడలాడాయి.
తెల్లారకముందే మునిశేఖర్:
"రేటు లేచింది సార్, అమ్మేద్దామా?"

చెప్పులు వెతుక్కుంటూ దిగితే కాళ్లు తడిశాయి.
పులికాటు రాత్రికి రాత్రి
రెండంకణాలు లోపలికొచ్చింది,
రిజిస్ట్రేషన్ లేకుండా.

"ఇరవై ఎనిమిదే ఉంది శేఖరూ," అన్నాను,
"అదీ వళ్లియమ్మ రొయ్యలు ఎండాక."