నాలుగడుగుల వెలుతురు

మారతహళ్లి వంతెన వెనక, మూడో అంతస్తు.
నలుగురం అద్దెకున్న గదికి
అసలు యజమాని ఎవరో తెలియడానికి
నాకు వారం పట్టింది.

కిటికీ పైన ట్యూబ్‌లైటు.
చీకటి పడీ పడగానే దాని పట్టీ వెనక నుంచి
ముందు ముక్కు, తర్వాత మెడ,
తర్వాత తొందరేం లేదన్నట్టు మిగతా ఒళ్లు.
తోక ఎప్పుడో తెగి మళ్లీ మొలిచింది కాబోలు,
పొట్టిగా, లావుగా, అతుకేసిన తాడులా ఉంటుంది.
హేమవర్షిణి వాడికి మేస్త్రీ అని పేరు పెట్టింది.

లైటు మేస్త్రీది.
లైటు నుంచి క్యాలెండరు మేకు దాకా మేస్త్రీదే.
మేకు అవతల, సున్నం పెచ్చులూడిన చోట
ఇంకొకడుంటాడు, సన్నగా, తోక నిండుగా.
రాత్రికి రెండుసార్లో మూడుసార్లో
మేకు దాటి ఒక కాలు ఇవతల పెడతాడు.
ఒక్క కాలే.
మేస్త్రీ నోటి దగ్గరి పురుగును వదిలేసి తిరుగుతాడు.
నాలుగు కాళ్ల మీద నిక్కి, వీపు విల్లులా వంచి
ఉన్నదానికంటే పెద్దగా కనబడతాడు.
తోక కొస మెల్లగా అటూ, ఇటూ.
చిక్ చిక్ చిక్.
కింద మేం మాట ఆపి "సత్యం" అంటాం.
ఏం సత్యమో వాళ్లిద్దరికే తెలుసు.

స్విచ్‌బోర్డు పక్కన ఒక పిల్లబల్లి.
వెలుతురు అక్కడికి చేరేసరికి
పలచబడి మజ్జిగ నీళ్లవుతుంది.
దారి తప్పిన దోమ, ఒక చీమ, అంతే సంపాదన.
దాన్నెవరూ తరమరు.
తరిమేంత ఏముందక్కడ?
నా మంచం సరిగ్గా దాని కింద.
కిటికీ పక్క మంచం పర్వీన్‌ది,
రెండున్నరేళ్ల సీనియారిటీ.
దాని మీద టవలు పెట్టినా ఊరుకోదు.

మే నెల, మొదటి వాన.
కరెంటు పోయి వచ్చేసరికి
గది నిండా ఉసిళ్లు.
పెరుగన్నంలో, జుట్టులో, ల్యాప్‌టాప్ తెర మీద.
ప్రవల్లిక దుప్పటి ముసుగులోంచి కేకలు.
లైటు కనబడ్డం లేదు, రెక్కలే వెలుగుతున్నాయి.
గోడ మీది బల్లులన్నీ
తెల్లారిందాకా తిన్నా మిగిలేంత విందు.

సన్నటివాడు మేకు దాటాడు.
ఈసారి నాలుగు కాళ్లూ.

మేస్త్రీ దూకాడు.
దవడా దవడా పట్టుకున్నారు.
ఒకే బల్లికి రెండు వైపులా తోకలున్నట్టు
పది నిమిషాలు కదల్లేదు, ఫోన్లో టైము చూశాను.
వీపుల మీద ఉసిళ్లు పాకుతున్నాయి.
ఆపైన తపుక్కున ఒక చప్పుడు.
పర్వీన్ దిండు మీద నిండు తోక ఒక్కటే,
ఇంకా ఎవర్నో కొడుతున్నట్టు.

సన్నటివాడు క్యాలెండరు వెనక్కి.
మేస్త్రీ పట్టీ పొడవునా
ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు,
కొలుస్తున్నట్టు. మళ్లీ వెనక్కి.
అప్పటికి ఉసిళ్లు రెక్కలు రాల్చుకుని నేల మీద.
ఖాళీ వెలుతురు మధ్య వాడు,
గొంతు కింద చర్మం ఎగిరెగిరి పడుతూ.

స్విచ్‌బోర్డు దగ్గర పిల్లబల్లి
పొట్ట పక్కకు జారి,
నోటికడ్డంగా ఇంకో రెక్క,
నాలుకతో తన కన్ను తుడుచుకుంది.

పొద్దున రత్నమ్మ చేటెడు రెక్కలు ఎత్తింది.
మా అమ్మమ్మ పంచాంగంలో బల్లి పడే చోట్లు
తల ఉంది, భుజం ఉంది, మోకాలుంది,
దిండు లేదు.

జూన్‌లో పర్వీన్ గది ఖాళీ చేసింది.
ఆ సాయంత్రం నేను తలుపు తీసేసరికి
కిటికీ పక్క మంచం మీద ప్రవల్లిక సూట్‌కేసు,
సూట్‌కేసు మీద హేమవర్షిణి దిండు.
ఇద్దరూ నవ్వుతూనే మాట్లాడుకుంటున్నారు,
కొంచెం నిక్కి నిలబడి.

నేను స్విచ్‌బోర్డు కింద కూర్చుని
క్యారియర్ విప్పాను.