వేడెక్కే దాకా

ఇరవై నిమిషాలు ఆగాలమ్మా, అన్నాను.
పాతది ముందు వేడెక్కాలి.
మా పెద్దనాయన పలకను చితుకుల మంటకు చూపి
వేలితో ఒకసారి తట్టి,
ఇంకా రాలేదని మళ్ళీ కాచేవాడు.
ఇదీ అంతే.
పలకను అరబీలో ఏమంటారో నాకు రాదు.
రెండు చేతులూ మంట మీద పెట్టినట్టు చూపించాను.
బద్రియా నవ్వి స్టూలు లాక్కుంది.

హవల్లీలో, టైలరు షాపుకీ జ్యూసు కొట్టుకీ మధ్య
ఏడు మెట్లు దిగితే మేము.
బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
లోపల సోల్డరింగ్ పొగ, ఏసీ చుక్కలకు పెట్టిన బకెట్టు,
హాగోప్ గారి ఏలకుల కాఫీ.

బల్ల మీద మూడు సింథసైజర్లు.

ఒకటి ఆమె మేనమామ రాషెద్‌ది.
పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు తెర కట్టి
తెర ఇవతల కూర్చుని వాయించేవాడట.
తొంభైలో సైన్యం వచ్చినప్పుడు
దుప్పటి చుట్టి, మేడ మీద ఖాళీ నీళ్ళ ట్యాంకులో దాచాడట.
అడుగు రేకు విప్పితే
ఇప్పటికీ చిటికెడు ఇసుక రాలుతుంది.

రెండోది అదే కంపెనీ మళ్ళీ పోసిన మొదటి అచ్చు.
అదే నారింజ గీత, అవే చెక్క బుగ్గలు, బరువు సగం.
నాబ్‌లు మరీ నున్నగా తిరుగుతాయి,
చేతికి ఎదురు చెప్పవు.
ఫిల్టర్ మూస్తూ పోతే పాతది
గొంతుకు ముద్ద అడ్డం పడ్డట్టు ఒక్కసారి గురగురలాడుతుంది.
ఇదేమో మర్యాదగా నోరు మూసుకుంటుంది.

మూడోది ఆ తర్వాత రెండేళ్ళకు వచ్చింది.
మీటలు బుల్లివి, నా వేలికి రెండేసి తగులుతాయి.
కానీ వెనకాల ఒక కొత్త నాబ్ పెట్టారు,
శ్రుతి జారడానికి.
సున్నా నుంచి పది దాకా, ఎంత కావాలంటే అంత.
ముప్ఫయ్యేళ్ళు నేను వైద్యం చేసిన రోగాన్ని
ఇప్పుడు డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు.

నిన్నంతా ట్యూనర్ పెట్టి రాసుకున్నాను.
పాతది పొద్దున ఏడు సెంట్లు కిందికి,
దుహర్ నమాజు వేళకు సరిగ్గా,
సాయంత్రానికి నాలుగు పైకి.
మొదటి అచ్చు కదల్లేదు.
మూడోది మూడు మీద పెడితే బాగానే జారింది,
ఎండను మాత్రం పట్టించుకోలేదు.

వీటిలో మామకు దగ్గరిది ఏది, అంది.

నన్నా అడుగుతావు తల్లీ?
ఓబులేసు అని పేరు పెట్టారు నాకు.
దాన్ని ఆకామా మీద అరబీలో రాస్తే
కౌంటర్లో కుర్రాడు పడీపడీ నవ్వాడు,
"ఇబ్లీసా?" అని.
సైతాను కాదు నాయనా, దేవుడే, అన్నాను.
మరుసటేడు ఇంకోలా రాశారు,
ఆ పైఏడు మరోలా.
జవాజాత్‌లో ఏ పేరు పిలిచినా
లేచి నిలబడడం అలవాటైంది.

గోడ వైపు తిరగమన్నాను ఆమెను.
మూడింటి మీదా ఒకే స్వరం, ఒకే ఎత్తులో,
ఒకదాని తర్వాత ఒకటి నొక్కాను.
రెండోసారికి చెయ్యి లేపింది.
"ఇదే. ఇది మామ."

నిజమే, పాతదే.
హాగోప్ గారు కప్పు మీంచి నన్ను చూశాడు.
ఆయనకు తెలుసు.
పోయిన రంజాన్‌లో దాని ఆసిలేటర్ చిప్ చచ్చిపోయింది,
ఎక్కడ వెతికినా దొరకలేదు,
పగిలిపోయిన ఓ మొదటి అచ్చు లోంచి పీకి
దీంట్లో అతికించాను.
బిల్లులో "రిపేరు" అని రాశాను, అంతే.
వారం తిరక్కుండా కొత్త చిప్ కూడా
పొద్దున కిందికీ సాయంత్రం పైకీ జారడం నేర్చుకుంది.
పెట్టె నేర్పిందో, ఇసుక నేర్పిందో.

చెప్పాలా?
నోటి దాకా వచ్చింది.
ఆమె ఇంకా గోడ వైపే ఉంది,
బ్యాంకు క్యాలెండర్ ముందు, కళ్ళు మూసుకుని.

కొత్తవి రెండూ అమ్ముడుపోలేదు.
హాగోప్ గారు అర్మేనియన్‌లో ఏదో గొణిగాడు.
దుప్పటి కప్పి, ఏడు మెట్లూ ఎక్కి
కారు దాకా నేనే మోశాను.
వెనక సీట్లో పెట్టి దుప్పటి సర్దుతుంటే
మీటలు చేతికి తగిలాయి,
అప్పుడే కాగిపోయి ఉన్నాయి.
వేలితో ఒకసారి తట్టి చూశాను.