అతుక్కోని గుండుసూది

మడికొండ నుంచి ఆటోలో వచ్చింది నైట్రోజన్,
మూత సందులోంచి పొగలు కక్కుతూ.
డ్రైవరు దారి పొడుగునా వెనక్కి చూస్తూనే ఉన్నాడట,
పాలక్యానులో దయ్యాన్ని ఎక్కించుకున్నట్టు.

రేపు మధ్యాహ్నానికల్లా గాలిలో కలిసిపోతుంది.
నాకున్నది ఒక్క రాత్రి.

స్ఫటికం నల్లగా, కాకిబంగారంలా పొరలు పొరలు.
ఇనుము, భాస్వరం, గంధకం.
టేపు అంటించి పీకుతాను, మళ్లీ అంటించి పీకుతాను,
కంటికి ఆననంత పలచన అయ్యేదాకా.
మైక్రోస్కోపు కింద లేత ఊదా మరక ఒకటి.
పేరు: నాలుగో నంబర్ రేకు.

"అయస్కాంతమంటున్నవ్ గదా బిడ్డా,
మరి గుండుసూది అతుక్కోదేంది?"
రిజిస్టర్‌లోంచి సూది పీకి
మిగిలిన స్ఫటికం పక్కన పెట్టాడు సమ్మయ్య.
సూది కదల్లేదు.

ఇప్పుడు వేడికి ఎవరి దిక్కు వాళ్లు చూస్తున్నరు, అన్నాను.
చల్లబడితే ఒక వరుస పైకి, పక్క వరుస కిందికి.
అప్పుడూ అతుక్కోదు. కూడితే సున్నా.
"సున్నా అంటే ఉన్నట్టా, లేనట్టా?"

అదే అడగాలి, ఈ పచ్చ వెలుగుతో.

రేకు మీదికి పోతుంది వెలుగు,
మేడారం పోయినంత జనం.
పోయినవాళ్లు పోయినట్టే తిరిగొస్తారు, అదే రంగుతో.
కోటికొక్కడు మాత్రం
లోపలెవరికో ఎత్తు బంగారం అప్పజెప్పి
అంత మేర తేలికై
ఎరుపు వైపు ఓ వెంట్రుకవాసి జరిగి వస్తాడు.
వాణ్ని పట్టుకోవాలి.
ఏమిచ్చి వచ్చాడో తూచాలి.

కాజీపేట యార్డులో రామగుండం బొగ్గుబండి కదిలితే
బల్ల కింద గాలి కాళ్లున్నా ఫోకస్ జారుతుంది.
నా నోటుబుక్కులో ఉష్ణోగ్రతల పక్కనే
గూడ్సు బండ్ల టైములు.
గైడు ఒకసారి చూశారు, ఏమీ అనలేదు.

నూట నలభై కెల్విన్. మొద్దు గుట్ట ఒకటి.
నూట ముప్పై. అదే గుట్ట.
నూట ఇరవై. బండి.
ఆగాను. డబ్బాలు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది.
నూట పదిహేను

గుట్ట ఉన్నచోట
రెండు సన్నని మొనలు.

లోపల వరుసలు కట్టారు.
ఎవరూ పిలవలేదు, ఏ సూదికీ తెలియదు.

మఫ్లరులో నిద్రపోతున్న సమ్మయ్యను లేపాను.
"గీ రెండు గీతలకా, నాలుగు నెలలు?"
వీటికే.
చాలాసేపు చూశాడు.
"మా సంఘం మీటింగుల గిట్లనే అయితది.
సగం మంది అటు, సగం మంది ఇటు.
బయటికేమో ఏం కాలేదనే రాస్తరు.
ఎవరెటు కూసున్నరో కుర్చీలకు ఎరుకే."

తెల్లారేముందు మెల్లగా వేడెక్కనిచ్చాను, నిజమేనా అని.
నూట పంతొమ్మిది దగ్గర చెదిరిపోయారు.
సంతోషంగానే ఉంది, కానీ ఎందుకో
జాతర ఎత్తేసిన మర్నాటి నేల గుర్తొచ్చింది.

సంతకం పెడదామని రిజిస్టర్ తెరిస్తే
కాగితాలు జారి కిందపడ్డాయి.
సూది లేదు.
అంగీ కాలరుకు గుచ్చుకుని
డ్యూటీ దిగి పోయాడు.