గజాలెన్ని, బొక్కలెన్ని

కొత్తవాడల కింద మగ్గం, పైన నా కిరాయి గది.
ఓదెలు పంజాతోని పేకను దిగ్గొట్టినప్పుడల్లా
నా బల్ల మీది సమీకరణం ఉలిక్కిపడ్తది.

నాలుగేండ్ల సంది నేను చదివేది ఓ పల్చటి లోకం.
పొడుగొకటి, కాలమొకటి. అంతే.
బలం ఉంటది, పారేతందుకు జాగ ఉండదు.
అలెయ్యదు. వెలుగు ఏ దిక్కూ పోదు.
ఏమడిగినా రెండే చెప్తది:
వైశాల్యమెంత, చిల్లులెన్ని.

నిన్న సేటొచ్చిండు.
జంపఖానా పరిచి టేపు పెట్టిండు.
అంచుల నెమలిని చూడలే.
ఎర్ర దారం ఏడ తెగి ఏడ ముడివడ్డదో చూడలే.
"గజాలెన్ని? ఎలుక బొక్కలెన్ని?"
రెండున్నయని రాసుకొని, రేటు కట్టి,
రేపొస్తనని పోయిండు.
మెట్ల మీద నిలబడి నేను
నా సిద్ధాంతం నోరు తెరిచి మాట్లాడంగ విన్న.

రాత్రి కరెంటు పోయినంక ఓదెలుకు చెప్పజూసిన.
"మావీ రంగులే మామా. మూడే ఉంటే లెక్క తెగదు.
లెక్కలేనన్ని జేస్తే
అప్పుడు దారాలు కనబడ్తయి.
కదిలిన దారం కదిలినంత మేర పొర పరుస్తది,
పొర మీద పొర, అడుగు నేలను కప్పుకుంట."
"మూడు రంగులకే నూలు అప్పియ్యడు బిడ్డా,
లెక్కలేనన్నా?"

"ఒక చుక్కుంటది. దాని చుట్టు తిరిగొస్తే
పై పొర మీద నడిచినోడు కింది పొరల తేల్తడు.
ఇంకో చుట్టు తిరిగితే మల్ల మొదటికే."
బీడీ ముట్టిచ్చిండు.
"మా తమ్ముడు రాజీరు భీవండి పోయి అట్లనే ఒచ్చిండు.
ఇల్లు అదే. పొర కిందిది."

"గజాలు పెరిగినకొద్ది పొర విలువ కరిగిపోతది మామా,
మంచుగడ్డ తీరు."
దీనికి నవ్వలే.
"పెద్ద ఆర్డరంటే నాకూ అదే బుగులు."

"ఒక్క షరతు. ఏడా మడత ఉండొద్దు."
అప్పుడు నవ్విండు, దగ్గొచ్చేదాక.
"మడతపెట్టని జంపఖానా ఏ ఇంట్ల ఉంటది?
లగ్గానికి ఒక్క పూట పరుస్తరు.
మిగిలిన ఏడాదంత అది మడతల్నే బతుకుతది."

పైకొచ్చి, మైనం వత్తి కింద, అరవై ఒకటో పేజీ తీసిన.
మడతలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయని
మా సారు రెండు గీతలల్ల తేల్చిన పేజీ.
కొట్టేసుకున్నయంటే
అంతకుముందు ఉన్నయన్నట్టే గద.
ఏడున్నయో ఎవరూ రాయలే.
నేనూ రాయలే.

తెల్లారి కిందికి దిగితే
జంపఖానా మీద ఒక బొక్క లేదు.
లస్మక్క రాత్రి దీపం ముంగట కూసోని
అదే ఎర్ర నూలుతోని అల్లేసింది;
నేను వేలుతోని తడిమినా దొరకలే.
గజాలు అవే. చిల్లు ఒకటి తక్కువ.
నా లెక్కల అది ఇంకో లోకం,
మొదటి గీత నుంచి మల్ల రాసుకోవాలె.

లస్మక్క పండుకున్నది, కండ్లు ఎర్రగ.
పదింటికి సేటొస్తడు.
టేపు తెస్తడు.