తీసినవాళ్లు లేని తక్కువ

డిసెంబరు రెండో మంగళవారం.
లోతుకుంటలో మా సెల్లారు, నోరు తెరిస్తే పొగ.
నా పాత వ్యాగనార్ నేలకి అంగుళం దగ్గరైంది,
నాలుగు చక్రాలూ అడుగున
చపాతీ ఒత్తినట్టు.

ఇరవై రెండేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని.
సాయంత్రం లెక్కలో యాభై తగ్గిందంటే
ఆ యాభై ఎవరో తీసినట్టే.
గాలీ అంతే అనుకున్నాను.

మెట్ల కింద మొగులు కనబడ్డాడు,
వాచ్‌మన్ తాయప్ప కొడుకు, పదకొండేళ్లు.
దసరా సెలవుల్లో మూడో అంతస్తు స్కూటర్ వాల్వుకి
అగ్గిపుల్ల గుచ్చి సుయ్యిమనిపించినవాడు.
నాకు ఆ సాక్ష్యం చాలు.
పాలకి దిగినవాళ్లు, వాకింగుకి బయల్దేరినవాళ్లు,
అందరి ముందూ అడిగాను.
అడగడం కాదులే అది.
"నేను కాదు మేడమ్" అని ఒక్కసారే అన్నాడు.
రెండోసారి అనలేదు.
తాయప్ప మాత్రం తలకి చుట్టుకున్న మఫ్లరు విప్పి
చేతిలో పట్టుకున్నాడు, అంత చలిలో.

స్టీరింగు బరువుగా ఉంది.
అల్వాల్ మలుపు దాకా ఈడ్చుకుంటూ పోయాను.
స్తంభానికి వేలాడే టైరు మీద తెల్ల రంగుతో పంక్చర్,
దాని కింద సత్తార్ భాయ్, కంప్రెసరు, సగం తాగిన చాయ్.
మీటరు పెట్టాడు.
ఇరవై ఏడు. ఇరవై ఏడు.
ఇరవై ఆరున్నర. ఇరవై ఏడు.

"ఎవడో తీశాడు" అన్నాను.
నవ్విండు.
"తీసెటోడు ఒక్కదాన్లకెల్లి తీసి ఉరుకుతడు మేడమ్.
నాలుగిట్లకెల్లి సమానంగ తీసే ఓపిక ఎవనికుంటది?
ఎప్పుడు కొట్టిచ్చిన్రు?"
దసరాకి. నిమ్మకాయలు తొక్కించిన రోజు.
"గప్పుడు ఎండ. ఇప్పుడు సలి.
సలికి గాలి ముడుసుకుంటది.
రెండు నెలల్ల కొంచెం జారుతది గనీ,
మిగిల్నదంత లోపట్నే ఉన్నది,
దగ్గర దగ్గర జరిగి కూసున్నది."

డోరు తెరిచి పక్కన అంటించిన చీటీ చూపించాడు.
ముప్పై మూడు.
డిపాజిట్ ఫారాల అడుగున చీమతలకాయ అక్షరాలు కూడా చదివేదాన్ని,
ఆరేళ్లుగా ఈ చీటీ చదవలేదు.
"పొద్దుగాల్నే సూడాలె, బండి కదలకముందు.
తిరిగినంక టైరు గరమైతది, ఎక్కువ సూపిస్తది,
అది నమ్మొద్దు."
డిక్కీలో స్టెప్నీకి పెట్టి చూస్తే తొమ్మిది.
దాన్నెవరూ ఎన్నడూ పలకరించలేదు.
అన్నిటికీ కలిపి ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి వేలితో తిప్పినా తిరిగింది.
మా గేటు దగ్గర హారన్ కొట్టలేకపోయాను.
దిగి నేనే తీసుకున్నాను.

బ్యాంకులో తప్పుడు ఖాతాకి రాస్తే
ఎర్ర సిరాతో కొట్టివేత, రెండు సంతకాలు,
సరిపోతుంది.
పిల్లాడి పేరు మీద రాసినదానికి ఏ వోచరు?
తాయప్పకి చెప్పాను. "ఏం గాదమ్మా" అని నవ్వాడు.
ఆ నవ్వుకన్నా తిడితే నయం.
మొగులు అప్పటికే బడికి పోయాడు.

మళ్లీ మంగళవారం, ఆరు కాకముందే,
రాణిగంజ్‌లో నూట ఎనభైకి కొన్న గేజీతో
శాలువా కప్పుకుని ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను.
మోకాలు టక్కుమంది.
కళ్లజోడు పైనే మరిచాను.
స్తంభం వెనక పళ్లు తోముకుంటున్న చప్పుడు
ఆగింది.
నోట్లు లెక్కపెట్టినట్టు పైకి చదివాను:
"ముప్పై రెండు."

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత నురగ ఉమ్మిన శబ్దం,
రెండడుగులు, అంతకుమించి రాలేదు,
మెడ చాచి చూసి

"ముప్పై ఒకటి మేడమ్.
ముల్లు గీతకి కిందికున్నది."

కొట్టేశాను.
ముప్పై ఒకటి అని రాశాను.